సైలస్‌కు కట్టిన తెల్లదండ

నెదర్ కూంబ్,
1924 మార్చి 10

థర్జా,

నువ్వు క్షేమంగా చేరినట్టు రాసిన కార్డు అందింది. మీ అన్న మీద మట్టి కప్పీ కప్పకముందే మధ్యాహ్నం రైలుకు పరిగెత్తావు. లాండ్రీ వాళ్ళు ఒక్కరోజే సెలవిచ్చారన్నావు, నమ్మాను. కానీ నేనూ, పక్కింటి ఆడపిల్లలూ వంటింట్లో కూర్చుని తెల్లదండకు కాగితపు గులాబీలు చుడుతుంటే నువ్వు పెరట్లో కోళ్ళను చూస్తూ నిలబడ్డావు. ఒక్క పువ్వుకు చెయ్యి వెయ్యలేదు. ఆ కోళ్ళను నువ్వు ఎప్పుడూ చూడలేదా ఏమిటి?

సైలస్ లేడని నాకింకా తెలిసిరావటం లేదు. పొద్దున లేవగానే ఓట్స్ జావ రెండు గిన్నెల్లో పోస్తున్నాను. బన్స్ గారి కొట్టం కప్పుకు ఇంకొక్క వరస గడ్డి వేస్తే పని అయిపోయేదట. మంచు పట్టిన నిచ్చెన మీద కాలు పెట్టాడు. అంతకంటే ఎక్కువ ఎవరూ చెప్పరు, నేనూ అడగను.

కొత్తగా వచ్చిన పాదిరి లింగార్డు గారికి మన తెల్లదండ సంగతే తెలియదు. చర్చి పెద్ద హోదాలో బన్స్ గారు కూర్చోబెట్టి చెప్పారు. ఈ ఊళ్ళో పుట్టి, పెళ్ళి కాకుండా, మచ్చ లేకుండా పోయినవాళ్ళకే ఆ దండ అని. శవపెట్టె ముందు మోసుకొచ్చి మూడు ఆదివారాలు చర్చి లోపల మేడవసారా అంచుకు కడతారని. అభ్యంతరం ఉన్నవాళ్ళు దండకు వేలాడే కాగితపు గ్లౌజుల్లో ఒకదాన్ని అందరి ముందూ తెంపాలని. ఎవరూ తెంపకపోతే అది గోడ మీదికి ఎక్కుతుందని, ఎక్కాక ఇంకెవరూ ముట్టుకోరాదని. పాదిరిగారు “మగపిల్లలకు కూడానా?” అన్నారు. “మగవాళ్ళకు అరుదేనండి. దొరకాలి కదా” అన్నారు బన్స్ గారు. ఏడుస్తూ కూడా నాకు నవ్వొచ్చింది.

నాకు ఆ దండ ఎందుకు కావాలో నీకు తెలుసు. శనివారం శనివారం వాడు సౌతాంప్టన్ వస్తుంటే, సారా కొట్లకో ఇంకో చోటికో పోతున్నాడని బన్స్ భార్య ఊరంతా చాటింది. చెల్లెల్ని చూడటానికి పోతున్నాడమ్మా అని నేనంటే మూతి తిప్పుకుంది. దండ గోడెక్కితే ఆ మూతి ప్రతి ఆదివారం దాని కిందే కూర్చోవాలి. నాకు మిగిలింది వాడి మంచిపేరు ఒక్కటే.

చివరి ఆదివారం ముప్పయ్యో తేదీన పడింది. అమ్మల ఆదివారం అదే. అన్ని ఇళ్ళకూ ఆడపిల్లలు కేకు పట్టుకుని వస్తారు. నువ్వూ రా.

నీ కోసం దారి చూసే
అమ్మ


సౌతాంప్టన్,
మార్చి 14

అమ్మా,

రెండు గిన్నెల సంగతి చదివి నేను ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చుండిపోయాను. మేస్త్రమ్మ కేకలేస్తే మళ్ళీ లేచాను. నీళ్ళ చప్పుడులో ఎవరు ఏడ్చినా ఇక్కడ ఎవరికీ వినపడదు, అదొక్కటి నయం.

అమ్మల ఆదివారానికి సెలవు ఇవ్వరు. మొన్న తీసుకున్నది కూడా అరువు సెలవే. దానికితోడు నా గదిలో ఉండే వినీకి ఒంట్లో బాగుండటం లేదు. దాని వాటా పని కూడా నేనే అందుకుంటున్నాను.

దండ గురించి ఒక మాట చెప్పనా? మనమే దించేసుకుంటే ఏమవుతుంది? అన్నయ్య ఎలాంటివాడో నీకూ నాకూ తెలుసు. బన్స్ భార్య నోరు మూయించటానికి అన్నయ్యను అంతమంది ముందు అలా వేలాడదీయటం నాకు బాగా అనిపించలేదు. అందుకే ఆవేళ పెరట్లోకి పోయాను.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. అన్నయ్యకు ఎవరైనా అమ్మాయి నచ్చి ఉంటే, ఆ పిల్ల మన చర్చికి కాకుండా, మన నుంచి విడిపోయినవాళ్ళ చాపెలుకు పోయే పిల్ల అయితే, నువ్వు ఏమనేదానివి?

కాళ్ళకు తడి తగలనివ్వకు. కట్టెలు కొట్టటానికి ఎవరినైనా పిలుచుకో.

థర్జా


నెదర్ కూంబ్,
మార్చి 18

థర్జా,

మొదటి ఆదివారం గడిచింది. ఎవరూ లేవలేదు. ప్రసంగం ఏమిటో నాకు ఒక్క ముక్క తెలియదు. ఎవరి వీపు కదులుతుందా అని చూస్తూ కూర్చున్నాను. బన్స్ భార్య తుమ్మటానికి లేచినట్టు కదిలింది, నా ప్రాణం పోయింది.

నువ్వు అడిగినదానికి జవాబు. మీ అన్నకు అమ్మాయిలతో మాట్లాడటమంటే చెవులు ఎర్రబడతాయి. వాడు అమ్మాయిని చూసుకోవటం, అందులోనూ చాపెలు పిల్లను, అమ్మకు చెప్పకుండానా? వాడు నాకు చెప్పకుండా గుండీ కూడా కుట్టించుకోలేదు. చాపెలు వాళ్ళు పాటలకు ముందు కాళ్ళు నేలకేసి కొడతారట, అలాంటి పిల్ల నాకు కోడలా? వాడు లేడు కాబట్టి అనుకోవటం కూడా దండగ.

కానీ నాకు బుర్ర లేదనుకోకు. చాపెలు మాట ఎవరికి పుట్టిందో నాకు తెలుస్తూనే ఉంది. ఎవడో చాపెలు కుర్రాడు నీ వెంటపడ్డాడు. దండ పేరెత్తితే నీకు గుబులు పుడుతోంది, ఇంటికి రావటానికి వంకలు చెబుతున్నావు. ఏమే, నువ్వేమైనా ఇబ్బందిలో పడ్డావా? పడితే ఇప్పుడే చెప్పు. తిట్టేది ఎలాగూ తిడతాను, ఆలస్యమైనకొద్దీ తిట్లు పెరుగుతాయి.

శనివారాల సంగతి బన్స్ గారు చర్చి మెట్ల మీదే అడిగారు. “ఏమనుకోకు కెజయమ్మా, అడగటం నా విధి” అన్నారు. నేను అందరూ వినేట్టు చెప్పాను. “ప్రతి శనివారం వాడు చెల్లెలి దగ్గరే ఉన్నాడు. నా కూతురు రాసింది, నా కూతురు అబద్ధం రాయదు” అన్నాను. బన్స్ గారు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

అమ్మ


సౌతాంప్టన్,
మార్చి 22

అమ్మా,

నేను ఏ ఇబ్బందిలోనూ లేను. ఏ కుర్రాడూ లేడు. నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు.

నువ్వు మెట్ల మీద నిలబడి నా మాట చెప్పావని చదివినప్పటినుంచి నాకు అన్నం దిగటం లేదు. నీకు తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. కానీ అది నాది కాదు, నేను చెప్పగూడదు. ఆ సంగతి ఎవరిదో వాళ్ళే నీ దగ్గరికి వస్తారు. ఎన్నిసార్లు బతిమాలినా నన్ను రాయనివ్వలేదు, “నేనే వెళ్ళి చెబుతాను, మనిషిని చూసి చెబుతాను” అంది. నా గదిలో ఉండే వినీ అమ్మల ఆదివారం నాడు మన ఊరికి వస్తుంది. వినిఫ్రెడ్ స్ట్రౌడ్ దాని పూర్తి పేరు.

అమ్మా, నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది ఒక్కటి అడుగుతున్నాను. దాన్ని బాగా చూడు. అది నోరు విప్పేదాకా నువ్వు ఏమీ మాట్లాడకు. నీకు మాట తొందర.

థర్జా


నెదర్ కూంబ్,
మార్చి 31

థర్జా తల్లీ,

మూడో ఆదివారం గడిచిపోయింది. ఎవరూ ముందుకు రాలేదు. వచ్చే శనివారం బన్స్ గారు దండను గోడ మీదికి ఎక్కిస్తారు. మీ అన్న పోయాక మొదటిసారి రాత్రి కంటినిండా నిద్రపోయాను.

నీ వినీ వచ్చింది. ముందు ఇంటికి రాకుండా నేరుగా చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంది. పాత కోటు కప్పుకుని వచ్చింది కానీ నేను ఇద్దరు బిడ్డల తల్లిని, నాకు కోటు అడ్డమా? ఆ పిల్ల ఒట్టి మనిషి కాదు. నీ ఉత్తరం అప్పుడు అర్థమైంది నాకు. ఎవడో దుర్మార్గుడు దాన్ని ఆ స్థితిలో వదిలేసి పోయాడు, నువ్వు జాలిపడి దాన్ని నా దగ్గర పెట్టాలనుకున్నావు. అంతకోసం ఇంత గుట్టా? నేరుగా రాస్తే నేనేం కొరికేస్తానా?

అందరూ బయటికి నడుస్తుంటే ఆ పిల్ల ఒక్కతే దండ కింద నిలబడిపోయింది. చెయ్యి పైకెత్తింది, గ్లౌజు దాకా ఎత్తింది. బన్స్ గారు తలుపు దగ్గర కట్టుకొయ్యలా ఆగిపోయారు. పాపం, పట్నం పిల్లకు ఆ గ్లౌజు ముట్టుకోకూడదని ఏం తెలుసు? నేనే వెళ్ళి ఆ చేతిని పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. “రా అమ్మా, ఇంటికి పోదాం, టీ తాగుదువుగాని” అని తీసుకొచ్చేశాను.

కేకు తెచ్చింది, వయొలెట్ పూలు తెచ్చింది. కన్న కూతురు రాకపోయినా ఎవరి బిడ్డో తెచ్చిందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కిటికీ పక్క సైలస్ కుర్చీ వెనక నిలబడి దాన్ని పట్టుకుంది. నువ్వు మాట్లాడకు అన్నావు కానీ, ఎంతసేపని ఊరుకుంటాను? ఆ పిల్ల నోరు తెరుస్తుంది, మూస్తుంది. మాట కలపటానికని మీ అన్న గురించి చెప్పాను. వాడి పనితనం, వాడి సిగ్గు, వాడి మంచితనం. “నువ్వేం బాధపడకమ్మా, మగవాళ్ళంతా నీ వాడిలా ఉండరు. నా సైలస్ ఒక ఆడపిల్లను ఇలా చేసి వదిలిపెట్టే రకం కాదు. అలా చేసి ఉంటే వాణ్ణి నేను కొడుకని అనుకునేదాన్నే కాదు” అన్నాను.

అప్పుడు అడిగింది, “ఆ దండ మీకు అంత ముఖ్యమా అమ్మా?” అని. “అది దిగిపోతే నేను బతకను” అన్నాను. ఉన్నమాటే చెప్పాను కదా.

కిటికీలోంచి బయటికి చూస్తూ, “పైన కట్టాక బాగుంటుంది” అంది. టీ సగం తాగి లేచింది. నేను తలుపు దగ్గర సొంత కూతురికి చెప్పినట్టే చెప్పాను, “నీ మీద నాకు జాలే అమ్మా, కానీ నిన్ను ఇక్కడ పెట్టుకోలేను. దండ ఎక్కే ఇంట్లో నిన్నుంచుకుంటే ఊరు నానా మాటలూ అంటుంది” అని. తలూపింది. నా రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుని వెళ్ళింది. మర్యాద తెలిసిన పిల్ల. చాపెలుకు పోయే పిల్లట, వెళ్ళేముందు చెప్పింది.

దానికి నా పేరు చెప్పి గుడ్లు ఇప్పించు, ఇప్పుడు తినాలి.

అమ్మ


సౌతాంప్టన్,
ఏప్రిల్ 4

అమ్మా,

వినీ క్షేమంగా చేరింది. నీ టీ బాగుందని చెప్పమంది. దండ ఎక్కుతున్నందుకు నీకు సంతోషంగా ఉండాలని కూడా చెప్పమంది.

నాకు పని ఎక్కువగా ఉంది.

థర్జా


నెదర్ కూంబ్,
మే 19

థర్జా,

ఏప్రిల్‌లో రెండు ముక్కలు రాశావు. ఆ తరవాత అదీ లేదు. పావురాలకు చదువొస్తే అవైనా నీకంటే పెద్ద ఉత్తరం రాస్తాయి.

నా మీద కోపం ఎందుకో నాకు తెలుసులే. ఆ పిల్లను ఉంచుకోలేదని. అది నేనూ ఆలోచించాను. ఆలోచించి ఆలోచించి, తప్పు చేశానేమో అనుకున్నాను కూడా. కానీ నేను ఒంటరిదాన్ని, ఈ ఊళ్ళో ఉండాల్సినదాన్ని. ఎవడో చేసిన పనికి నా ఇల్లు ఎందుకు తలవంచాలి?

దండ గోడ మీద బాగుంది. కుడివైపు, కిటికీ వెలుతురు పడే చోట పెట్టారు. బన్స్ భార్య కూడా “చక్కగా కట్టారు కెజయా” అంది. నేను రోజుల తరబడి ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక ఇంటికి వచ్చి వాడి కుర్చీ చూస్తే, ఆ మాట ఎందుకు కావలసివచ్చిందో నాకే తెలియలేదు. దండ వల్ల ఇంట్లో అడుగుల చప్పుడు రాదు కదా.

వినీ ఎలా ఉంది? నెలలు నిండుతున్నాయా? ఆ దొంగవెధవ అజాపజా తెలిసిందా?

అమ్మ


సౌతాంప్టన్,
మే 24

అమ్మా,

నీ మీద నాకు కోపం లేదు. ఎవరి మీదా లేదు. ఉంటే బాగుండేది.

వినీ ఇప్పుడు లాండ్రీలో లేదు. అలాంటి అమ్మాయిల కోసం చాపెలు వాళ్ళు నడిపే ఆశ్రమం ఒకటుంది, అక్కడ ఉంది. దానికి తల్లి లేదు, నేనే ఆదివారాలు వెళ్తున్నాను. వచ్చే నెలలో పురుడు.

ఆ మనిషిని వెధవ అనకు. ఇంకెప్పుడూ అలా అనకు. అతను దాన్ని వదిలిపెట్టి పోలేదు, చనిపోయాడు.

థర్జా


నెదర్ కూంబ్,
జులై 6

థర్జా,

ఇప్పుడే, ఈ గంటే నువ్వు వినీ దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం చదవటం పూర్తయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, దారిలో చదువుకో.

మధ్యాహ్నం పాదిరిగారు వచ్చారు. నేను గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని తనూ రెండు కాయలు ఒలిచి, ఏదో మాటల్లో, “సైలస్ చాటింపు సంగతి మీతో ఎత్తితే దుఃఖం పెంచినట్టవుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నానమ్మా. ఆ అమ్మాయి ఎలా ఉందో పాపం” అన్నారు. ఏ చాటింపు అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది. “మీకు తెలియదా? ఫిబ్రవరిలో వచ్చాడు. పెళ్ళి చాటింపు ఏ ఆదివారం మొదలుపెట్టవచ్చో అడిగాడు. అమ్మల ఆదివారం నాడు అమ్మాయిని తీసుకొచ్చి మీకు చూపిస్తాడట, మీరు సరేనన్నాక చదవమన్నాడు. చాపెలు పిల్ల అని భయపడుతున్నాడు. ‘అమ్మ రెండు రోజులు అరుస్తుందండి, మూడో రోజు దాని కోసం కేకు చేస్తుంది’ అన్నాడు. వినిఫ్రెడ్ స్ట్రౌడ్ అని చెప్పాడు పేరు.”

పాదిరిగారు వెళ్ళాక కూడా నేను చాలాసేపు బఠాణీలు ఒలుస్తూనే ఉన్నాను. గిన్నె నిండి కింద పోతున్నాయి.

అది నా ఇంటికి వచ్చింది. నా కొడుకు తీసుకొస్తానన్న రోజుకే, వాడు లేకపోయినా వచ్చింది. నా కొడుకు బిడ్డను కడుపులో పెట్టుకుని వాడి కుర్చీ పట్టుకుని నిలబడితే, నేను దాని ముఖం మీద అన్న మాటలు నీకు రాశాను, గొప్పగా రాశాను. నా నోట్లో మన్నుపడ. నువ్వు మాట్లాడకు అన్నావు కదే. ఒక్కసారి, ఒక్కసారి నీ మాట విని ఉంటే ఏం పోయేది?

వాడు అరుస్తుంది అన్నాడు. మూడో రోజు కేకు చేస్తుంది అని కూడా అన్నాడు. వాడికి నేను తెలుసు. నాకే నేను తెలియలేదు.

దాన్నీ బిడ్డనూ తీసుకుని రా. ఊరు ఏమంటుందో నాకు అక్కర్లేదు. అది కాళ్ళు నేలకేసి కొట్టుకోనీ, బల్ల విరగ్గొట్టుకోనీ. అటక మీద మీ ఇద్దర్నీ ఊపిన ఉయ్యాల ఉంది, దింపి కడిగాను, ఎండలో పెట్టాను.

అమ్మ


సౌతాంప్టన్,
జులై 9

అమ్మా,

దీన్ని ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

బిడ్డ లేడమ్మా. చనిపోలేదు, బాగున్నాడు. మగపిల్లాడు. ఆశ్రమం వాళ్ళు పిల్లల్లేని దంపతులకు ఇచ్చేశారు. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. వాళ్ళు వాణ్ణి పోయిన గురువారం తీసుకెళ్ళారు. వాళ్ళెవరో, ఏ ఊరో తల్లికి కూడా చెప్పరు. ఓడ ఎక్కి వేరే దేశం పోయేవాళ్ళని మాత్రం అక్కడి పనిమనిషి అంది. నేను సోమవారం సాయంత్రమే పరిగెత్తాను, నీ ఉత్తరం ఆశ్రమం నడిపే పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, మడిచి, “ఈ నాయనమ్మ మార్చి నెలలో ఎక్కడుంది?” అంది.

వినీ ఆరోజు మన ఊరినుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుంది. “గ్లౌజు దాకా చెయ్యి వెళ్ళింది థర్జా. తెంపుదామనే వెళ్ళాను. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని వేడి చెయ్యటానికి రుద్దింది. ఇంక ఎలా తెంపను? నేను తెంపితే ఆవిడకు కొడుకు రెండోసారి పోతాడు” అంది. నీకు చెప్పనని నా చేత ప్రమాణం చేయించుకుంది. బిడ్డను తండ్రి ఎవరో చెప్పకుండా, ఒంటరిగా లాండ్రీ కూలితో పెంచటం కన్నా, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో పెరిగితే మంచిదని ఆశ్రమం వాళ్ళు చెప్పారు, అది నమ్మింది. సంతకం పెట్టింది.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. ఉయ్యాల కడిగి ఎండలో పెట్టావన్న చోట ఆపమంది. అంతవరకూ ఏడవలేదు. ఆ తరవాత దాన్ని ఆపటం నా వల్ల కాలేదు.

థర్జా


నెదర్ కూంబ్,
జులై 21

థర్జా,

నేను సౌతాంప్టన్ వచ్చి నిన్ను కలవకుండానే వెళ్ళానని నీకు తెలిసే ఉంటుంది. నీ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆశ్రమం పెద్దావిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. మర్యాదగానే మాట్లాడింది, తిట్టినా బాగుండేది. రేవు దాకా నడిచాను. ఓడలు చాలా ఉన్నాయి. ఏ ఓడ వంక చూసి ఏడవాలో కూడా తెలియక తిరిగి వచ్చేశాను.

నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక, జనం లేవకముందే నేను లేచాను. గోడెక్కిన దండను ముట్టరాదని తెలుసు. గంట గోపురంలోని నిచ్చెన ఈడ్చుకుంటూ తెచ్చాను. బన్స్ గారు అడ్డం వచ్చారు. “కెజయమ్మా, ఎక్కిందాన్ని దింపే ఆచారం లేదు. మా తాతలనాటి నుంచీ లేదు” అన్నారు.

“మీ తాతలనాడు నాలాంటిది లేదు” అన్నాను. అందరివైపూ తిరిగి చెప్పాను. “నా సైలస్‌కు కొడుకు పుట్టాడు. ఆ తల్లిని పెళ్ళి చేసుకోబోతూ పోయాడు. వాడు చెడ్డవాడు కాదు, తండ్రి. ఆ బిడ్డను నేను ఈ కాగితపు పువ్వులకు పోగొట్టుకున్నాను.” లింగార్డు గారు తలవంచుకుని నిలబడ్డారు.

నిచ్చెన ఊగుతోంది, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. నాలుగు మెట్లెక్కి ఆగిపోయాను. కిందినుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే బన్స్ భార్య. మూతి తిప్పలేదు. నేను దిగేదాకా పట్టుకునే ఉంది. దిగాక నా చేతుల్లో దండ చూసి, “నా నోరే దీన్ని కట్టించింది కెజయా” అని అక్కడే కూలబడి ఏడ్చింది. నేను దాన్ని లేపాను. ఎవరి వంతు ఎంతో లెక్కలు వేసుకునే ఓపిక నాకు లేదు.

దండను పొయ్యిలో పెట్టాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

వినీని పంపించు. బిడ్డ లేకుండా అది ఏ ముఖంతో వస్తుందని నువ్వు అనుకోవచ్చు, నేను ఏ ముఖంతో పిలుస్తున్నానని కూడా. ముఖాలు తరవాత చూసుకుందాం. దానికి తల్లి లేదన్నావు. సైలస్ గది దానిది. రానంటే నేనే వచ్చి మెట్ల మీద కూర్చుంటానని చెప్పు.

అమ్మ


నెదర్ కూంబ్,
అక్టోబర్ 12

థర్జా తల్లీ,

నువ్వు పంపిన ఉన్ని అందింది. వినీకి చొక్కా అల్లుతున్నాను, వద్దంటుంది, అల్లుతున్నాను.

అది బన్స్ గారి పాలకొట్టంలో పనికి కుదిరింది. బన్స్ భార్యే వచ్చి పిలిచింది. ఆదివారాలు నేను చర్చికి, అది చాపెలుకు. కూడలి దాకా కలిసి నడుస్తాం, అక్కడ విడిపోతాం, మళ్ళీ అక్కడే కలుసుకుంటాం. ముందు చేరినవాళ్ళు రెండోవాళ్ళ కోసం ఆగాలి. వాళ్ళ పాటలు పెద్దవి, ఎప్పుడూ నేనే ఆగుతాను. ఊళ్ళో మాట్లాడేవాళ్ళు మాట్లాడుతున్నారు. ఒకావిడ మాత్రం మనింటి గుమ్మం వైపు చూడటం మానేసింది. ఆవిడ గుడ్లు ఎప్పుడూ పాడైపోయినవే అమ్మేది, మనకేం నష్టం లేదు.

నన్ను అత్తయ్యా అని పిలవటానికి దానికి ఆగస్టు దాటింది. పిలిచిననాడు నేను పెరట్లోకి పోయి కోళ్ళను చూస్తూ నిలబడ్డాను.

బిడ్డ మాట మొదట్లో ఇద్దరం ఎత్తలేదు. ఒకరోజు పాత్రలు కడుగుతూ ఉండబట్టలేక అడిగాను, “చెవులు ఎవరివే?” అని. “ఆయనవే. ఏడిస్తే ఎర్రబడేవి” అంది. ఆ తరవాత రోజూ ఒకటి అడుగుతున్నాను. అది ఒకటి చెబుతుంది. ఎడమవైపే తల తిప్పి పడుకునేవాడట. స్నానం చేయిస్తే పిడికిలి నోట్లో పెట్టుకునేవాడట. బొటనవేలు పట్టుకుంటే వదిలేవాడు కాదట. తీసుకెళ్ళే రోజు కూడా పట్టుకునే ఉన్నాడట, ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చిందట. అది చెప్పిన రోజు మేమిద్దరం వంట చెయ్యలేదు.

వాడు దాని దగ్గర ఉన్నదే ఒక నెల. నెల పిల్లాడి గురించి ఎన్నని ఉంటాయి? నిన్న సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అడిగితే, “ఇంకేం మిగల్లేదు అత్తయ్యా. అన్నీ చెప్పేశాను” అంది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, “అయితే మొదటినుంచి చెప్పు” అన్నాను.

నీ
అమ్మ